రెండుసార్లు చదివిన పేరు

కోటు జేబులో వేళ్లకు కాగితం తగిలింది. చలికి చేతులు కొంకర్లు పోతుంటే జేబులో దూర్చాను, అంతే, నాలుగు మడతల కాగితం, మడతలు ఇంకా పదునుగా ఉన్న కొత్త కాగితం, మొన్న సాయంత్రం వంటింటి బల్ల దగ్గర కళ్లజోడు పెట్టుకుని కూర్చుని రాసినది. ఇది ఇక్కడుంటే ఫాదర్ దగ్గర బుట్టలో ఉన్నదేది? పాతది. తొమ్మిదేళ్లుగా ప్లాస్టిక్ తొడుగులో పెట్టి దేవుడి పటం వెనక దాచుకుంటున్న పాతది, పైన నల్ల సిరాతో సిలువ గుర్తు, దాని కింద మా ఇంట్లో పోయినవాళ్ల పేర్లు ఆరు. ఆ ఆరో పేరు గల మనిషి ఇప్పుడు నా పక్క కుర్చీలో కూర్చుని, నా మోచేతి మీద చెయ్యేసి, చలికి ముక్కు చీదుకుంటోంది. మా అక్క స్తమాతియా. డెబ్బై దాటింది, మోకాళ్లు పోయాయి, రాత్రి నేను చేసిన చిక్కుడుగింజల కూరకు వంక పెట్టి మరీ రెండు గిన్నెలు తింది. శుభ్రంగా బతికే ఉంది. ఇంకాసేపట్లో ఈ కోట మీది మరియమాత గుడిలో, ఊరంతా వింటుండగా, ఫాదర్ ఆమె ఆత్మకు విశ్రాంతి ఇవ్వమని దేవుణ్ణి అడగబోతున్నాడు.

ఎలా జరిగింది, ఎలా జరిగింది అంటే అక్క వస్తోందని, ఆమె పేరు తీసేసి మొన్న నేను కొత్త కాగితం రాస్తుండగా అక్క వంటింట్లోకి వచ్చింది, అప్పుడే కవాలా బస్సు దిగి ముఖం కడుక్కుని, ఏం రాస్తున్నావే అంటూ, నేను దొంగలా దాన్ని మడిచి, కుర్చీ వీపుకు తగిలించిన కోటు జేబులో కుక్కేశాను, తర్వాత తొడుగులోకి మార్చాలి అనుకున్నాను, పాతది పొయ్యిలో వెయ్యాలి అనుకున్నాను, ఆ తర్వాత పోయినవాళ్ల పేరిట గుడిలో పంచే కోలివా కోసం గోధుమలు ఉడికాయి, ఆరబెట్టాలి, బాదం, పిండి వేయించాలి, అక్క నా వెనకే నిలబడి పిండి మాడ్చావు, అమ్మ ఇంత ఎర్రగా వేయించేది కాదు అని సాధిస్తోంది, ఆ సందడిలో కాగితం సంగతి మనసులోంచి జారిపోయింది. పొద్దున తెలియకుండానే చెయ్యి పటం వెనక్కి వెళ్లింది. గుమ్మం దగ్గర తొడుగులోంచి తీసి బుట్టలో వేశాను, కోలివా పళ్లెం దించి కొవ్వొత్తి గుచ్చాను, అన్నీ ఎప్పటిలాగే చేసుకుపోయాను. తొమ్మిదేళ్ల అలవాటు. అలవాటు పడ్డానే, అదే కదా సిగ్గుచేటు. కోపంతో ఒక్కసారి రాస్తే కోపం అనుకోవచ్చు, మరి ఏడాదికి మూడు నాలుగు, పోయినవాళ్లకు పూజ చేసే ఆత్మల శనివారాలు, అన్ని శనివారాలూ అదే కాగితం చేతికిచ్చి, చదివించి, తిరిగి తెచ్చుకుని, ముడత పడకుండా తొడుగులో పెట్టుకోవడాన్ని ఏమనాలి?

ఫాదర్ నెక్టారియోస్ చదువుతున్నాడు. కొత్తగా వచ్చాడు, కుర్రవాడు, పాత ఫాదర్‌లా గొణిగి ముగించడు, ఒక్కొక్క పేరూ బడిలో హాజరు పిలిచినట్టు గట్టిగా, విడిగా పలుకుతాడు. పేరు ఒక్కటే, ఇంటిపేరు ఉండదు, దేవుడికి ఇంటిపేర్లతో పనేముంది. పేరు వినపడగానే ఆ ఇంటివాళ్లు సిలువ గుర్తు వేసుకుంటారు, ఈ వరసలో ఇద్దరు, ఆ మూల ఒకరు. బుట్ట ఆయన ఎడమ పక్కన ఉంది, పైనున్నది తీసి చదివి పక్కన పెడుతున్నాడు. మేం ముందే వచ్చాం, అక్క మోకాళ్ల కోసమని పెందలాడే బయలుదేరాం, అంటే మాది అడుగునెక్కడో ఉంటుంది. ఇంకా వేళ ఉంది. లేచి వెళ్లి తీసుకోవచ్చు. ఎలా, ఆడదాన్ని, బలిపీఠం దగ్గరికి? వెళ్లి ఏం చెప్పను? ఫాదర్, చిన్న పొరపాటు, నా తోబుట్టువును చంపేశాను, ఒక్క నిమిషం అలా పట్టుకోండి, గీటు కొట్టి ఇస్తాను, అననా?

అయినా లేచాను. కొవ్వొత్తి వెలిగించి వస్తానని అక్కతో అని, గుమ్మం దగ్గర కొవ్వొత్తులమ్మే హరిక్లియా అత్త బల్ల దాకా వెళ్లాను. ఎనభై నాలుగేళ్ల మనిషి, అమ్మ స్నేహితురాలు, చెవులు సగమే పనిచేస్తాయి, నోరు మాత్రం పూర్తిగా పనిచేస్తుంది.

“అత్తా, నా కాగితం ఒకసారి వెనక్కి ఇప్పించవూ?”

“ఎందుకే? ఎవరినన్నా మరిచిపోయావా? పేరు చెప్పు, చీటీ రాసి లోపలికి పంపిస్తా.”

“మరిచిపోలేదు. ఒకరు ఎక్కువయ్యారు.”

హరిక్లియా అత్త చెవి వెనక చెయ్యి పెట్టుకుంది. “చచ్చినోళ్లలో ఎక్కువవడం ఏంటే? లేచి ఇంటికొచ్చారా ఎవరన్నా?”

వెనక వరసలో ఇద్దరు తిరిగి చూశారు. అవును అత్తా, లేచి వచ్చింది, కవాలా నుంచి సంచి నిండా ఎండుచేపలు, నాకో ఉన్ని శాలువా పట్టుకుని వచ్చింది, అదిగో ఆ మూడో వరసలో కూర్చుంది అని చెప్పొచ్చు. ఏమీ లేదులే అని గొణిగి, ఒక కొవ్వొత్తి వెలిగించి ఇసుకలో గుచ్చి తిరిగి వచ్చాను. అక్క కాళ్లు ముడిచి నాకు దారిచ్చింది. “నా పేరు మీద కూడా వెలిగించావుటే?” అంది. వెలిగించానన్నాను. ఆ అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందంటే నాకే ఆశ్చర్యమేసింది. వెనక్కి వెళ్లి ఇంకొకటి వెలిగించి దాన్ని నిజం చేయొచ్చు. చేయలేదు, హరిక్లియా అత్త మళ్లీ అడుగుతుందని భయం.

పొద్దున కోట ఎక్కుతూ అక్క ఒక మాట చెప్పింది. కింది ద్వారం దగ్గర టాక్సీ ఆగిపోతుంది, అక్కడి నుంచి మెట్లే, చిన్నప్పుడు ఇద్దరం ఒంటికాలి మీద గెంతుతూ ఎక్కిన మెట్లు, ఇప్పుడు పది ఎక్కి ఆగడం, పది ఎక్కి ఆగడం. గోడలోంచి మొలిచిన అంజూర చెట్టు దగ్గర ఆగింది, కింద ఊరు కనపడకుండా ఏటి మీది మంచు పెంకుల దాకా కమ్మేసి ఉంది, గడియారం గోపురం ఒక్కటే పైకి తేలింది. ఆయాసపడుతూ, ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పింది. “ఎడమ వైపు తీసేశారే నాకు. అందుకే సంచి కుడి చేత్తో మోస్తున్నా. నువ్వేమో నిన్నటి నుంచి వంకర నడుస్తున్నావేంటి అంటున్నావు.” ఎడమ వైపు ఏమిటి అన్నాను మొద్దులా. రొమ్మే, ఇంకేముంటుంది అక్కడ, అని నవ్వింది. ఎప్పుడు అన్నాను. “అమ్మ ఎముకలు తీసిన మార్చిలో. సరిగ్గా ఆ వారమే. ఫోన్లో చెప్పబోయాను కదే, నువ్వెక్కడ చెప్పనిచ్చావు? అమ్మ ఎముకల కంటే నీ పని గొప్పదా అని ఒక్క అరుపు అరిచి పెట్టేశావు.” ఆ మాట నిష్ఠూరంగా కూడా అనలేదు. పద, ఇంకో పది ఎక్కుదాం అంది. నేను ఆమె సంచి అందుకున్నాను. అంతకు మించి నాకేమీ చేతకాలేదు.

సరిగ్గా ఆ వారమే. మార్చి, వానలు, శ్మశానం వాళ్ల ఉత్తరం వచ్చింది, అమ్మను పాతిపెట్టి మూడేళ్లు నిండాయి, గుంట ఖాళీ చేయాలి అని. అందరికీ చేసేదే, తవ్వి తీయడం, వైన్‌తో కడగడం, రేకు పెట్టెలో సర్దడం, పైన ఫోటో అంటించడం. కానీ అది కూతుళ్లు కలిసి చేసే పని. ఒకరు కడుగుతుంటే ఒకరు తుడవాలి. నేనొక్కదాన్నే కడిగాను, తవ్వే మనిషి గొడుగు పట్టుకుని నిలబడ్డాడు పాపం, నా ఏడుపు చూడలేక అటు తిరిగి. అమ్మ తల నా రెండు చేతుల్లో ఎంత తేలిగ్గా ఉందో, ఇంత తేలిక మనిషా ఇన్నాళ్లు నన్ను అన్ని మాటలన్నది అనిపించింది. చివరి ఆర్నెల్లు నీళ్లు పోసింది నేను, దుప్పట్లు ఉతికింది నేను, అర్ధరాత్రి మూలుగు వింటే లేచింది నేను, అమ్మ మాత్రం ప్రతిసారీ కళ్లు తెరిచి స్తమాతియా, వచ్చావా అనేది. నేను ఎర్మియోనినమ్మా అని మొదట్లో చెప్పేదాన్ని. తర్వాత్తర్వాత ఆఁ వచ్చానమ్మా అనేదాన్ని. ఆ పేరు పెట్టుకుని అమ్మ నోట్లో చారు పోశాను. కడుపు మండిపోయేది. మంచాన పడ్డ తల్లి మీద అసూయ ఏమిటి అని ఎవరైనా అంటారని ఎవరికీ చెప్పుకోలేదు. ఆ మంట అంతా పోగుపడి ఉంది, అక్క రాలేనంది, అంతే. ఎముకలు కడిగిన చేతులతోనే, గోళ్ల కింద వైన్ వాసన పోకముందే, కాగితం తీసి అమ్మ పేరు కింద స్తమాతియా అని రాశాను. తల్లి ఎముకలకు రానిది చచ్చినట్టే అని పైకే అన్నాను, వంటింట్లో, పిల్లికి వినపడేలా. పిల్లి తప్ప ఎవరూ లేరు. అదే గంటకు కవాలాలో ఆస్పత్రి బల్ల మీద అక్క పడుకుని ఉందేమో, లేకపోతే మర్నాడో, రోజు తెలియదు, అడిగే ధైర్యం లేదు.

మా దగ్గర దాన్ని చేతబడి అంటారు. బతికున్న మనిషి పేరు చచ్చినవాళ్ల కాగితంలో రాయడం. అమ్మ కాలంలో వీధి చివర ఒకావిడ తోడికోడలి పేరు అలా రాసిందని తెలిసి, ఆమె గుడికొస్తే ఆడవాళ్లు లేచి వేరే వరసకు మారేవాళ్లు. నేనూ మారాను, అమ్మ చెయ్యి పట్టుకుని. ఛీ, ఏం మనుషులో అనుకున్నాను, పదేళ్ల పిల్లని. ఇప్పుడు వెనక వరసలన్నీ లేచి మారిపోతున్నట్టు వీపు మీద తెలుస్తోంది. తిరిగి చూశాను. అందరూ కూర్చునే ఉన్నారు, ఆవలిస్తున్నారు.

ఫాదర్ ఇంకో కాగితం తీశాడు. మాది కాదు. ఇంకోటి. మాది కాదు. ఒక దారి ఉంది కదా, ఎందుకు వణకడం? మా నానమ్మ పేరు కూడా స్తమాతియానే. పెద్ద కూతురికి నాన్న తల్లి పేరు, ఊళ్లో అందరిలాగే. అక్క అడిగితే నానమ్మే కదా అంటాను. అంటాను కానీ నానమ్మ తాతయ్య పక్కన, రెండో పేరుగా ఉంది. పేరు రెండుసార్లు వస్తుంది. ఫాదర్ పొరపాటున మళ్లీ చదివాడు అనొచ్చు, కుర్రాడు, కొత్త. ఇలా పాపం ఫాదర్ మీదికి కూడా తోసేయడానికి సిద్ధమయ్యాను. అరగంట కూడా పట్టలేదు నాకు.

బతికున్నవాళ్ల కాగితాలు ముందు చదివారు. అది ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ కాగితం సరైనదే ఇచ్చాను, మా అబ్బాయి, కోడలు, ఇద్దరు పిల్లలు, నేను. మా పేర్లు వస్తున్నాయని తెలిసి అక్క ముందుకు వంగింది, అవును, వంగింది, చూశాను, నడుం నొప్పేమో అనుకున్నాను. ఐదు పేర్లయ్యాక ఫాదర్ కాగితం పక్కన పెట్టాడు. అక్క మెల్లగా వెనక్కి వాలి నా మోకాలి మీద తట్టి, “నన్ను మరిచిపోయావే ముసలిదానా,” అంది చెవిలో, నవ్వుతూ. నేనూ నవ్వాను. మరిచిపోయాను. నిజంగానే. మొన్న రెండు గంటలు కూర్చుని, చచ్చినవాళ్లలోంచి ఆమెను తీసేశానని నా మంచితనానికి నేనే మురిసిపోయాను గానీ, తీసినదాన్ని ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా, బతికున్నవాళ్లలో రాయాలని తట్టనే లేదు. జేబులో ఉన్న ఈ కొత్త కాగితం కూడా ఏం గొప్పది, దీన్నే ఇచ్చి ఉంటే అక్క ఎక్కడా ఉండేది కాదు, పైనా లేదు, కిందా లేదు.

నానమ్మ పోయిన ఏడాదికి, నాకు ఏడేళ్లు, అక్కకు పదిహేను, కోలివా పళ్లెం నేనే మోస్తానని పేచీ పెట్టి మోశాను. ఆ అంజూర చెట్టు దగ్గరే కాలు జారింది. గోధుమలు, చక్కెర, దానిమ్మ గింజలు, వెండి పూత చక్కెర గుళ్లు మెట్టు మెట్టుకూ దొర్లుకుంటూ పోయాయి, పావురాళ్లు దిగాయి. చచ్చినవాళ్ల తిండి నేలపాలు చేయడం అంటే మాటలా. వెనక నాన్న వస్తున్నాడు. అక్క చటుక్కున ఖాళీ పళ్లెం నా చేతుల్లోంచి లాక్కుని నిలబడింది. నేనే పడేశాను నాన్నా అంది. ఊరందరి ముందూ చెంప మీద కొట్టాడు. వేళ్ల గుర్తులతోనే గుడిలోకి వచ్చి, ఈ వరసలోనే, నా పక్కనే నిలబడింది. నేను నోరు విప్పలేదు. అరవై ఏళ్లు కావస్తోంది, ఇప్పటికీ విప్పలేదు. నేను ఇలాంటి మనిషిని అని అప్పుడే తెలిసిపోయి ఉండాలి నాకు.

“అర్గీరిస్.”

తాతయ్య. కాగితం ఫాదర్ చేతిలో ఉంది, మడత దగ్గర పసుపు మరక ఇక్కడికి కనపడుతోంది. లేవాలి, ఇప్పుడు లేచి దగ్గాలి, పడిపోవాలి, కళ్లు తిరిగినట్టు కింద పడితే చదవడం ఆపుతారు. కుర్చీ అంచు పట్టుకుని కూర్చునే ఉన్నాను.

“స్తమాతియా.” నానమ్మ అని గొణిగి అక్క సిలువ గుర్తు వేసుకుంది. “ఫిలారెటోస్.” నాన్న, ఆ చెయ్యి, ఆ చెంప. “సోతిరిస్.” మా ఆయన. “మీ ఆయన మంచివాడే,” అంది అక్క. “పొలిక్సేని.” అమ్మ. అక్క చెయ్యి నుదుటి నుంచి కిందికి, కుడి భుజానికి, ఎడమ భుజానికి, నెమ్మదిగా, ప్రేమగా తిరిగింది. కళ్లు తుడుచుకుంది. అయిపోయాయనుకుంది, మా ఇంట్లో పోయినవాళ్లు అంతే కదా.

“స్తమాతియా.”

పేరు వినపడితే చెయ్యి దానంతట అదే లేస్తుంది, అలవాటు. అక్క చెయ్యి నుదుటి దాకా వెళ్లింది, కిందికి దిగింది, అక్కడ ఆగిపోయింది. భుజం దాకా పోలేదు. మెల్లగా ఎడమ వైపుకు, కోటు చదునుగా ఉన్న చోటికి జరిగి, అక్కడే ఉండిపోయింది. నా వైపు చూడలేదు. నా మోచేతి మీద ఉన్న రెండో చెయ్యి తీయలేదు, నొక్కనూ లేదు. తీసేసి ఉంటే బాగుండేది. ఫాదర్ ఇంకో కాగితం అందుకున్నాడు, ఎవరో అంథూలా, ఎవరో వ్రాసిదాస్, నాకేమీ వినపడలేదు, నాకు తెలిసిందల్లా ఆ చెయ్యి బరువు.

పూజ అయ్యాక కోట ఆవరణలో, బావి పక్కన, బల్లల మీద పళ్లేలు పెట్టారు. మంచు విడిపోయి ఎండ వచ్చింది. నేను కోలివా మీది చక్కెర సిలువను చెంచాతో చెరిపి కలిపాను, కలిపిన విసురుకి గుళ్లు బల్ల మీద రాలాయి. చెంచాడు పెట్టించుకుని, దేవుడు మన్నించుగాక అని, జనం పక్క బల్లకు పోతున్నారు. అక్క వరసలో నిలబడి తన వంతు కోసం ఆగింది. తోబుట్టువు వరసలో నిలబడడం ఏమిటి అని హరిక్లియా అత్త అరుస్తోంది. వంతు వచ్చింది. అరచెయ్యి చాచింది. చెంచాడు పెట్టాను. తింది, మెల్లగా నమిలింది.

“నానమ్మను దేవుడు మన్నించుగాక,” అంది.

నానమ్మ. తెలియలేదన్నమాట. ఫాదర్ మళ్లీ చదివాడనుకుందన్నమాట. ఎంత హాయిగా అనిపించిందో చెప్పడానికి నోరు రావడం లేదు, ఆ కాగితం రాసినందుకు కన్నా ఆ ఒక్క క్షణం హాయికి ఇప్పటికీ నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

అక్క చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

“రెండుసార్లు చదివారు కదే,” అంది. “ఇంకో చెంచా పెట్టు.”

వెనక హరిక్లియా అత్త ఏమిటంటోంది ఏమిటంటోంది అని ఎవరినో అడుగుతోంది. అక్క కళ్లు నా మీదే ఉన్నాయి, కోపం లేదు, చిన్నప్పుడు నేను మెట్లు ఎక్కలేక ఏడిస్తే పైనుంచి చూస్తూ నిలబడేది, అలా చూస్తోంది. అక్కా అన్నాను. చెంచా ముంచి ఆమె అరచేతిలో పెట్టాను, సగం నేల మీద పడింది. పడినదాన్ని ఆమె చూసింది, నేనూ చూశాను. చేతిలో మిగిలినది నోట్లో వేసుకుని, ఒక్క గింజ కూడా వదలకుండా నమిలి మింగింది. దేవుడు మన్నించుగాక అంటుందేమో అని చూశాను. అనలేదు. జేబురుమాలు తీసి వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకుంది.

“మాడిందే పిండి,” అంది. “చెయ్యి ఇయ్యి, దిగుదాం. దిగేటప్పుడే నాకు కష్టం.”

చెయ్యి ఇచ్చాను. ఆమెకు ఎడమ వైపు నడవబోయి, గుర్తొచ్చి, కుడి వైపుకు మారాను.